ఫెజ్ నగరమున ఒక ప్రశ్న

దూరపుకొండలు నునుపు అను సామెత తెలుగువారందరును ఎరిగినదే. దూరముననున్న వింతలను చూడవలెనని ఉబలాటపడుట, చేరువనున్నవానిని రేపు చూడవచ్చునులే యని వాయిదా వేయుట మానవులకు సహజము. గుంటూరు బ్రాడీపేటలో నివసించు ఒక ఉపాధ్యాయుడు ఈ సత్యమును సముద్రముల కావల తెలిసికొనెను. ఆయన ముప్పది సంవత్సరములు చరిత్ర బోధించి విశ్రాంతి గైకొన్నవాడు. శిష్యులందరును ఆయనను మాస్టారని పిలుతురు.

తరగతిలో ఇబన్ బటూటా కథ చెప్పునపుడు మాస్టారి ముఖము వెలిగిపోయెడిది. ఆ యాత్రికుడు 1325లో, ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున, మొరాకో దేశమందలి టాంజియరును విడిచి బయలుదేరెను. 1333లో సింధునది దాటి, ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువున న్యాయాధికారియై, అనేక దేశములు చూచి, తుదకు స్వదేశము చేరెను. అక్కడి సుల్తాను ఆజ్ఞపై తన యాత్రావిశేషములను ఫెజ్ నగరమున చెప్పగా ఒక పండితుడు వ్రాసెను. ఆ గ్రంథము 1355లో ముగిసెను. ఆ నగరమును కన్నులార చూడవలెనని మాస్టారి చిరకాలవాంఛ. విశ్రాంతి గైకొన్న పిమ్మట అది నెరవేరెను.

మొరాకోలో రాజధానులుగా వెలసిన ప్రాచీననగరములు నాలుగు: ఫెజ్, మరాకేష్, మెక్నెస్, రబాత్. వీనిలో ఫెజ్ మిక్కిలి పురాతనమైనది. ఎనిమిదవ శతాబ్దాంతమున ఇద్రీసు వంశీయులు ఒక యేటి యొడ్డున దానికి పునాది వేసిరి. పదునాలుగవ శతాబ్దమున మెరినిదు సుల్తానుల యేలుబడిలో అది మహోన్నతదశ ననుభవించెను. 1912లో ఫ్రెంచివారి పెత్తనము వచ్చి, రాజధాని రబాత్‌నకు తరలిపోయెను. అయినను ఫెజ్ పాడుపడలేదు. 1981లో ఐక్యరాజ్యసమితి విద్యావిజ్ఞాన సంస్థ ఆ పాతనగరమును ప్రపంచవారసత్వ సంపదగా గుర్తించెను.

నగరద్వారములలో ఒకదానికి వెలుపల నీలి పలకలును, లోపల ఆకుపచ్చ పలకలును పొదిగియున్నవి. దానిని దాటిన వెంటనే మాస్టారికి దిక్కు తెలియలేదు. బ్రాడీపేటలో వీధులు గీత గీచినట్లుండును. లైను సంఖ్య, అడ్డరోడ్డు సంఖ్య తెలిసిన చాలును, క్రొత్తవాడైనను ఇల్లు చేరగలడు. ఫెజ్‌లోనో, ఒక సందు మూడు సందులై చీలును; మూడవది గోడకు తగిలి ఆగిపోవును. కొన్ని యెడల ఇరువురు ఎదురైనచో ఒకరు ప్రక్కకు ఒదిగి నిలువవలెను. అందు మోటారుబండ్లకు చోటు లేదు. బరువులన్నియు గాడిదలు, కంచరగాడిదలు మోయును. వానిని తోలువారు "బాలక్! బాలక్!" అని కేకలు వేయుదురు. తప్పుకొనుమని దాని యర్థము. మొదటి దినమున ఆ కేక అర్థముగాక మాస్టారు ఒక తోలుమూటల బరువుక్రింద నలుగవలసినవాడే. దారి చూపు యువకుడు చేయిపట్టి గోడకు లాగెను.

చర్మకారుల వాడలో రాతితొట్లు తేనెపట్టు గదులవలె వరుసగా నున్నవి. కొన్నిటిలో సున్నమును పావురాల రెట్టయు కలిపిన తెల్లని నీరు. మరికొన్నిటిలో ఎరుపు, పసుపు రంగులు. మనుష్యులు తొడలలోతున దిగి తోళ్లను త్రొక్కుచుండిరి. వాసన భరింపరాక చూడవచ్చినవారు చేతనిచ్చిన పుదీనారెమ్మను ముక్కుచెంత పట్టుకొందురు. పనివారికి మాత్రము పుదీనా లేదు.

సుగంధద్రవ్యముల అంగడిలో ఎర్రని మిరపపొడి గోపురములవలె పోసియుండెను. అది చూడగానే మాస్టారికి గుంటూరు మిర్చియార్డు జ్ఞప్తికి వచ్చెను. నాలుక నుంచి చూడగా ఘాటు స్వల్పము! మిరప అమెరికాఖండమున పుట్టినది. 1492 తరువాతనే అక్కడకును ఇక్కడకును చేరినది. ఇబన్ బటూటా గాని, నాటి మన రాజులు గాని దాని రుచి నెరుగరు.

ఆ సందుల నడుమనే కరవీన్ మసీదు, దానిని ఆశ్రయించిన విద్యాపీఠమును కలవు. 859లో ఫాతిమా అను వనిత తనకు సంక్రమించిన ధనముతో ఆ మసీదును కట్టించెనని చెప్పుదురు. అన్యమతస్థులకు లోని ప్రవేశము లేదు గనుక మాస్టారు గడపయొద్ద నిలిచి తెల్లని ముంగిటిని చూచి మరలెను.

దాపుననే కంచరుల కూడలి. ఒక వృద్ధుడు పెద్ద రాగిపాత్రను సుత్తెతో మోదుచుండెను. ఆయన అతిథికి పీట చూపి, పుదీనా తేనీరు తెప్పించి, యువకుని ద్వారా మాటలు కలిపెను. తన తండ్రియు తాతయు ఆ చోటనే కూర్చుండి పనిచేసిరని చెప్పెను. పిమ్మట, "అయ్యా, మీ యూరి చెంతను ఇట్టి పాత రాజధాని కలదా?" అని యడిగెను.

"కలదు. దాని పేరు కొండవీడు" అని మాస్టారు ఉత్సాహముతో చెప్పసాగెను. 1323లో ఓరుగల్లు ఢిల్లీసేనలకు లొంగెను. ఆ సేనల నడపిన రాకుమారుడే పిమ్మట ఇబన్ బటూటాకు కొలువిచ్చిన సుల్తాను. ఓరుగల్లు పడిన కొలదికాలమునకే ప్రోలయవేమారెడ్డి అద్దంకిలో రాజ్యము నెలకొల్పెను. ఆయన కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చెను. పెదకోమటివేమారెడ్డి ఆస్థానమున శ్రీనాథ మహాకవి విద్యాధికారిగా నుండెను.

వృద్ధుడు శ్రద్ధగా విని, "ఆ కోట ద్వారము యెట్లుండును? అందిప్పుడు ఎవరు నివసించుచున్నారు?" అని ప్రశ్నించెను.

మాస్టారి నోట మాట రాలేదు. కొండవీడు బ్రాడీపేటకు దాదాపు 25 కిలోమీటర్లు. ముప్పదియేండ్లు ఆ పాఠము చెప్పెను గాని ఒక్క పర్యాయమైనను ఆ కొండ నెక్కలేదు. "నేను చూడలేదు" అని తలవంచుకొని చెప్పెను. వృద్ధుడు నవ్వలేదు. మరియొక గ్లాసు తేనీరు పోసెను. ఆ మర్యాదయే మాస్టారి మనస్సును ఎక్కువగా నొప్పించెను.

స్వస్థలము చేరిన తరువాతి ఆదివారముననే ఆయన ఎనిమిదవ తరగతి చదువు మనుమని వెంటబెట్టుకొని కొండవీటికి బయలుదేరెను. ప్రత్తిచేలు, మిరపచేలు దాటి కొండ చేరిరి. ఇప్పుడు పైవరకు ఘాట్‌రోడ్డు కలదు. మాస్టారు దానిని విడిచి పాత మెట్లదారినే ఎక్కెను. శిఖరముల వెంట కోటగోడలు పాకియున్నవి. పైన చెరువులు, వాని చుట్టును సీతాఫలపు చెట్లు. శిథిలద్వారముల రాళ్లను మాస్టారు చేతితో తడవి తడవి చూచెను. రెడ్ల పిదప గజపతులును, 1515లో శ్రీకృష్ణదేవరాయలును, ఆపైన గోలకొండ సుల్తానులును ఈ దుర్గము నేలిరి. కాలక్రమమున జనులు, కచేరీలు మైదానమునకు దిగిరి. ఫెజ్‌కు రాజు పోయినను కంచరి, చర్మకారుడు, విద్యార్థి మిగిలిరి. కొండవీటికి మిగిలినవి గోడలే.

మాస్టారు చెరువుగట్టున కూర్చుండి యుండగా మనుమడు ఒక గోడచెంతకు పోయెను. దానిపై ఎవరెవరో తమ పేర్లు గీచియుండిరి. బాలుడును ఒక వాడిరాయి చేతబట్టి తన పేరులోని మొదటి యక్షరము గీయబోయెను.

"ఆగుము, నాయనా!" అనెను మాస్టారు. "ఫెజ్‌లో ఒక రాగిపనివాడు నన్ను ఒక ప్రశ్న యడిగెను. మీ కోటలో ఇప్పుడెవరున్నారని. ఇచ్చట ఎవరును లేరు. కావున ఇచ్చటికి వచ్చినవారే దీనికి కాపలాదారులు. ఈ పూట కాపలా మనది."

బాలుడు కొంతసేపు గోడవంక చూచెను. రాయి జారవిడిచి, "తాతయ్యా, ద్వారము కొలతలు వ్రాసికొందమా? ఆయనకు పంపవచ్చును" అనెను.

సాయంకాలమునకు ఇరువురును కాగితముపై కోటద్వారపు బొమ్మను గీచుకొని కొండ దిగిరి.