మెక్సికో నగరంలో 19 రోజులు

ఊళ్ళు చూడడానికి దేశాలు తిరిగేవారు కొందరు, పని మీద తిరిగేవారు కొందరు. మేము ఈ రెండింటిలోనూ చేరము. ఒక కాగితం కోసం వెళ్ళి, అది చేతికి వచ్చేలోగా ఊరు చూసి వచ్చినవాళ్ళం. 2019 జులై చివరా, ఆగస్టు మొదటా మెక్సికో నగరంలో మేము గడిపిన 19 రోజుల వైనం ఇది.

డాలస్‌లో కాపురమున్నవారికి మెక్సికోతో పనేమిటని చదువరులు అడగవచ్చు. అమెరికాలో వుండి ఉద్యోగం చేసుకోవడానికిచ్చే అనుమతి వేరు. పొలిమేర దాటి పోయినవాడు తిరిగి లోపలికి రావడానికి పాస్‌పోర్టులో వేసే వీసా వేరు. మొదటిది మాకు ఇంకా రెండేళ్ళున్నది. రెండోదాని గడువు తీరిపోయింది. దసరాకు తెనాలి వెళ్ళి మా అత్తగారికి కంటి ఆపరేషను చేయించాలి. వీసా లేకుండా వెళితే తిరిగి రావడం కష్టం. ఆ రోజుల్లో మనవాళ్ళు చాలామంది పొరుగున వున్న మెక్సికోకో, కెనడాకో వెళ్ళి వీసా ముద్ర వేయించుకు వచ్చేవారు. (2025 సెప్టెంబరులో, ఎవరి దేశంలోనో లేదా నివాసమున్న దేశంలోనో దరఖాస్తు పెట్టుకోవాలని అమెరికా ప్రభుత్వం చెప్పింది. ఆ దారి చాలావరకు మూసుకుపోయినట్టే.)

మొదటినాడు వేలిముద్రలు తీసుకున్నారు. మర్నాడు కిటికీ వెనక దొర నాలుగు ప్రశ్నలు వేసి, పాస్‌పోర్టులు పుచ్చుకుని, ఇంకా కొంత పరిశీలన జరగాలన్నాడు. ఎన్నాళ్ళు పడుతుందంటే, చెప్పలేమన్నాడు. అయిదు రోజుల బట్టలతో వచ్చిన వాళ్ళం మొహాలు చూసుకున్నాం. మా అమ్మాయి ఎనిమిదేళ్ళది. అమెరికాలో పుట్టింది గనక ఆ దేశపు పౌరురాలు. అది ఏ పూటైనా విమానమెక్కి ఇంటికి పోవచ్చును. కన్నవాళ్ళకు మాత్రం ఆ హక్కు లేదు!

మూడు రోజులు గదిలో కూర్చుని, ఫోనులో ఒకే పుట మళ్ళీ మళ్ళీ తిప్పి చూశాము. నాలుగోనాడు మావారే, “ఇక్కడ కూర్చుంటే వీసా రాదు, అద్దె మాత్రం పోతుంది. లేవండి” అన్నారు.

ఆ నగరం సముద్రమట్టానికి 7,300 అడుగుల పైన వున్నది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. 1325లో ఆజ్టెక్ జాతివారు చెరువు నడుమ లంక మీద దీన్ని కట్టుకున్నారు. 1521లో స్పెయిన్ వారు పట్టుకుని, క్రమంగా చెరువంతా ఎండగట్టారు. ఆ బురద నేల మీదే ఇప్పటి మహానగరం నిలిచివున్నది. నిలిచివున్నదనడం కంటె దిగిపోతున్నదనడం నిజం. 1910లో నిలబెట్టిన స్వాతంత్ర్య స్తంభం చుట్టూ నేల కుంగిపోతే, పైకెక్కడానికి తరవాత 14 మెట్లు కట్టవలసి వచ్చింది. పెద్ద చర్చిలో నిలబడితే నేల వాలుగా వున్నట్టు కాళ్ళకే తెలుస్తుంది. దాని పక్కనే 1978లో విద్యుత్తు పనివాళ్ళు గొయ్యి తవ్వుతుంటే, పదడుగులు దాటిన గుండ్రటి శిల మీద చెక్కిన దేవత బయటపడింది. దానితో ఇళ్ళు పడగొట్టి, కిందవున్న పాత గుడిని తవ్వి తీశారు.

నా మనసు ఎక్కువ పట్టుకున్నది మాత్రం లామెర్సెద్ బజారు. బస్తాల కొద్దీ ఎండుమిరపకాయలు; నల్లనివి, ఎర్రనివి, చింతపండు రంగువి. ఆ ఘాటు ముక్కుకు తగలగానే గుంటూరు యార్డులో దిగినట్టయింది. మన పచ్చడికి ప్రాణమైన మిరప ఈ దేశంలోనే సాగుకు వచ్చిందనీ, పోర్చుగీసు వారి ఓడల్లో మనకు చేరిందనీ పుస్తకాల్లో చదివాను గాని, ఆ బస్తాల మధ్య నిలబడితేగాని నమ్మకం కలగలేదు. మొక్కజొన్న ఇక్కడిదే. సపోటా ఇక్కడిదే, దాని పేరు కూడా ఆజ్టెక్ మాటలోంచి వచ్చిందే. మరి వాళ్ళు మన దగ్గర పుచ్చుకున్నదేమిటి? చింతపండు పానకం వీధివీధినా అమ్ముతున్నారు. ‘హమాయికా’ అని ఎర్రటి పుల్లటి పానీయం పోశారు. తీరా చూస్తే అది మన ఎర్ర గోంగూర జాతి మొక్క కాయల మీది రేకులతో కాచిందే! శాకాహారులు మాత్రం జాగ్రత్త పడాలి. ఉడికించిన చిక్కుడుగింజల్లో పందికొవ్వు కలపడం అక్కడ మామూలు.

విద్యాశాఖ భవనం గోడల మీద డీయేగో రివేరా 1920ల్లో వేసిన చిత్రాలున్నాయి. ‘మన రొట్టె’ అనే చిత్రంలో బల్ల దగ్గర రొట్టె తుంచుతున్న మనిషి పాండురంగ ఖాన్‌ఖోజే అంటారు. వార్ధాలో పుట్టి, గదర్ పార్టీలో చేరి, బ్రిటిషువారికి కంటగింపై దేశదేశాలు తిరిగి, చివరకు ఇక్కడ చాపింగో వ్యవసాయ పాఠశాలలో పంతులై, మొక్కజొన్న మీద పరిశోధనలు చేశాడాయన. స్వరాజ్యం వచ్చాకే స్వదేశంలో స్థిరపడగలిగాడు. 1967లో నాగపూరులో పోయాడు. 2022లో చాపింగోలో ఆయన విగ్రహాన్ని మన లోక్‌సభ స్పీకరు ఆవిష్కరించారు. ఆ చిత్రం ముందు మావారు చాలాసేపు నిలబడిపోయారు. “ఈయన దశాబ్దాలు ఓపిక పట్టాడు. మనకు రెండు వారాలకే నీరసమా?” అన్నారు.

అన్నారే గాని, ఆ రాత్రి ఆయన కంటికీ కునుకు లేదు. బడి తెరవడానికి ఇక పదిరోజులే వున్నది. సెలవు అయిపోయింది, జీతం కోత పడుతున్నది. డాలస్‌కు పోతున్న తెలుగు కుటుంబం ఒకటి, పిల్లను తమతో తీసుకెళ్ళి దిగబెడతామన్నది. మా స్నేహితుల ఇంట్లో వుండి బడికి పోవచ్చు. తెల్లవారి తెయోతివాకాన్ వెళ్ళినప్పుడు ఆ మాట చెబుదామనుకున్నాము.

అది నగరానికి 30 మైళ్ళ దూరంలో, ఆజ్టెకులు వచ్చేనాటికే పాడుపడి వున్న పురాతన పట్నం. అక్కడి సూర్య పిరమిడు ఎత్తు 213 అడుగులు. 2019లో పైదాకా ఎక్కనిచ్చేవారు. నాలుగుసార్లు కూర్చుని ఎక్కాము. పైన గాలికి చెమట ఆరుతుండగా మావారు సంగతి చెప్పారు. పిల్ల విని, “నాకు వెళ్ళడానికి వీలుంటే, వెళ్ళాలని వుందా?” అని అడిగింది. మాకు జవాబు తోచలేదు. “నాకు లేదు” అని అదే చెప్పేసింది. బడి సంగతేమిటంటే, “పాఠాలు తరవాత చదువుకుంటాను” అన్నది. ఆ మాటతో ఆ యోచన అక్కడే విరమించాము. కిందికి దిగేటప్పుడు ముగ్గురి కాళ్ళూ తేలికగా పడ్డాయి.

పదిహేడోనాడు కబురు వచ్చింది. పద్దెనిమిదోనాడు పాస్‌పోర్టులు చేతికి వచ్చాయి. మర్నాడే విమానమెక్కాము.

డాలస్ విమానాశ్రయంలో పౌరులకొక వరుస, పరాయివారికొక వరుస. పౌరుల వరుసలో పదిమంది కూడా లేరు. మాది హనుమంతుడి తోకంత వున్నది. అక్కడున్న ఉద్యోగిని పిల్ల చేతిలోని నీలం పాస్‌పోర్టు చూసి, “నీ వరుస అది తల్లీ” అన్నట్టు నవ్వుతూ చెయ్యి చూపించింది. మా అమ్మాయి ఆ వైపు ఒకసారి చూసి, నా కొంగు పట్టుకుని, సంచిలోంచి కథల పుస్తకం తీసి చదువుకుంటూ నిలబడ్డది. మా వంతు రావడానికి గంటన్నర పట్టింది. అప్పటికి పుస్తకం సగమయింది.