యాభై పైసల బ్రోకరేజీ, ఇరవై రూపాయల ఆర్డరు

మా నాన్న తెనాలిలో హైస్కూలు మాస్టారుగా రిటైరయ్యారు. పీఎఫ్ డబ్బుల్లో ఆరు లక్షలు షేర్లలో పెట్టారు. మనం హైదరాబాదులో కూర్చుని కోడ్ రాసుకుంటున్నాం కదా, ఆయన ఏం కొంటున్నారో ఏం అమ్ముతున్నారో పట్టించుకునే తీరిక ఎక్కడిది? 2022 జులైలో ఆయన రిటర్ను ఫైల్ చేద్దామని బ్రోకరు పంపిన స్టేట్‌మెంట్ తెరిచాను. తెరిచాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఏడాదిలో కొన్నది 24 లక్షలు, అమ్మింది 24 లక్షలు. ఉన్న ఆరు లక్షలనే నాలుగుసార్లు తిప్పారన్నమాట. ఎవరు తిప్పారు అంటే, రోజూ పొద్దున్నే తొమ్మిదికి "గుడ్ మార్నింగ్ మాస్టారూ" అని ఫోన్ చేసే రిలేషన్‌షిప్ మేనేజరు. (కంపెనీ పేరెందుకు లెండి.) బ్రోకరేజీ ఎంత నాన్నా అంటే, "యాభై పైసలేరా" అన్నారు! "వందకి అర్ధరూపాయి. బస్సులో కండక్టరు మిగుల్చుకునే చిల్లర కూడా కాదు" అని నాకే ఎదురు చెప్పారు.

ఈ లైన్లో 0.50 శాతాన్ని యాభై పైసలు అనే అంటారు. వినడానికి ఎంత బుజ్జిగా ఉందో చూడండి. 48 లక్షల టర్నోవరు మీద అది 24,000. దానిమీద 18 శాతం జీఎస్టీ 4,320. కొన్నా అమ్మినా 0.1 శాతం ఎస్టీటీ, అది 4,800. కొన్నదానిమీద స్టాంపు డ్యూటీ 0.015 శాతం, 360. ఎక్స్చేంజి ఛార్జీల్లాంటి చిల్లర కలిపితే ముప్పై మూడున్నర వేలు దాటింది. షేర్లమీద ఆయనకొచ్చిన లాభం 21,000. అంటే ఏడాదంతా కష్టపడి పన్నెండు వేలు ఎదురు కట్టారు. ప్రతి లావాదేవీకీ కాంట్రాక్ట్ నోటు మెయిల్లో వస్తూనే ఉంది. ఆయన తెరవలేదు, నేను అడగలేదు.

ఇంక మన ఇంజనీరు బుర్ర ఊరుకుంటుందా. డిస్కౌంట్ బ్రోకరు దగ్గర అకౌంటు తెరిపించి, పాత డీమాట్‌కి క్లోజర్ కమ్ ట్రాన్స్‌ఫర్ ఫారం నింపి, షేర్లన్నీ అమ్మకుండానే కొత్త అకౌంటులోకి లాగేశాను. నాన్నకి ఒకటే భయం. "ఆఫీసు లేదు, మనిషి లేడు, ఫోన్లో ఓ బొమ్మ ఉంది. రేపు జెండా ఎత్తేస్తే?"

ఆయన భయాన్ని కొట్టిపారెయ్యలేం. మన హైదరాబాదు కంపెనీ కార్వీకి ఆఫీసులూ ఉన్నాయి, మనుషులూ ఉన్నారు. అయినా 2019 నవంబరులో సెబీ ఆర్డరు వచ్చాక కదా, క్లయింట్లు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీతో వాళ్ళ షేర్లనే తాకట్టు పెట్టారని జనానికి తెలిసింది! మన షేర్లు ఉండేది బ్రోకరు బీరువాలో కాదు, సీడీఎస్‌ఎల్‌లోనో ఎన్‌ఎస్‌డీఎల్‌లోనో. బ్రోకరు చేతికి తాళం ఇచ్చామా లేదా అన్నదే ప్రశ్న. అందుకే నాన్న చేత పవర్ ఆఫ్ అటార్నీ లాంటివేవీ సంతకం పెట్టించలేదు. అమ్మినప్పుడల్లా సీడీఎస్‌ఎల్ వాళ్ళ టీపిన్, ఓటీపీ కొట్టాలి. విసుక్కుంటారు, విసుక్కోనీ. డిపాజిటరీ నేరుగా పంపే స్టేట్‌మెంటు మాత్రం ఇప్పుడు ప్రింటు తీసి మరీ చదువుతున్నారు.

డెలివరీకి బ్రోకరేజీ సున్నా అనగానే ఖర్చు సున్నా అనుకునేరు. ఎస్టీటీ, స్టాంపు ఎక్కడికీ పోవు. అమ్మిన ప్రతి కంపెనీకీ డీపీ ఛార్జీ ఉంటుంది. వెయ్యి రూపాయల షేరు అమ్మితే అదే ఒకటిన్నర శాతం దాకా లాగొచ్చు. పైగా అందరూ సున్నా కాదు, కొందరు ఇప్పుడు డెలివరీకీ ఛార్జి చేస్తున్నారు. టారిఫ్ షీటు చదవండి బాబూ, జావా డాక్యుమెంటేషన్ కన్నా చిన్నదే!

మరి నాన్నకి ఫ్రీగా ఇచ్చి వాళ్ళెలా బతుకుతున్నారు? ఈ డౌటు నాకు ఆలస్యంగా వచ్చింది. 2010లో మొదలైన జెరోధా ఆర్డరుకి ఇరవై రూపాయలు అనే లెక్కని జనానికి అలవాటు చేసింది, 2015 చివర్లో డెలివరీని పూర్తి ఫ్రీ చేసింది. ఆ ఫ్రీకి డబ్బులు కట్టేది రోజూ ఆప్షన్లు ఆడేవాళ్ళు. అనగా, నేను.

అవునండీ. నాన్నకి నీతులు చెప్పిన అదే ఏడాది నేను కూడా ఒక అకౌంటు తెరిచాను. స్టాండప్ కాల్ మ్యూట్‌లో పెట్టి బ్యాంక్ నిఫ్టీ. "ఇరవై రూపాయలే కదా" అన్నది నా నోటి నుంచి ఎన్నిసార్లు వచ్చిందో! యాభై పైసలేరా అన్న మా నాన్న కొడుకునే కదా మరి. 2023 వేసవిలో నా స్టేట్‌మెంటు తెరిచాను. రోజుకి సగటున 14 ఆర్డర్లు, 280 రూపాయలు, జీఎస్టీతో 330. అలా 200 రోజులు. 66,000 చిల్లర. నాన్న దగ్గర ఆ మేనేజరు తిన్నదానికి రెట్టింపు కంటే ఎక్కువ! ట్రేడింగులో పోయింది ఇంకో లక్షా ముప్పై వేలు.

2024 సెప్టెంబరులో సెబీ రిపోర్టు వచ్చింది. మూడేళ్ళలో ఎఫ్ అండ్ ఓ ఆడిన కోటిమంది పైచిలుకు మామూలు జనంలో 93 శాతం నష్టపోయారట, మనిషికి సగటున రెండు లక్షలు. మనం స్కూల్లో కూడా ఇంత కచ్చితంగా సగటు మార్కులు తెచ్చుకోలేదు. పైగా వాళ్ళకి మూడేళ్ళు పట్టింది, నాకు ఒక్క ఏడాదే!

అదే యాప్, అవే రేట్లు. నాన్న ఏడాదికి నాలుగైదుసార్లు ఏదో కొంటారు, ఆయనకి అయ్యే ఖర్చు వందల్లో. నన్ను ఎవ్వరూ ఫోన్ చేసి "సార్ ఇది కొనండి" అని అనలేదు. ఆ పని నాకు నేనే చేసిపెట్టుకున్నా.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, దాచడం ఎందుకని, నాన్నకి చెప్పేశాను. తిడతారనుకున్నా. "నువ్వు వచ్చి నా పుస్తకం తెరిచావు. నీ పుస్తకం నేను తెరవలేదురా" అన్నారు అంతే. కాసేపాగి, ఆ మేనేజరు కుర్రాడు ఏమయ్యాడో అని అడిగారు. పొద్దున్నే తొమ్మిదికి ఫోన్ మోగకపోతే ఇప్పటికీ తోచదట.

ఇప్పుడు రోజూ తొమ్మిదింబావుకి, మార్కెట్ తెరిచే టైముకి, నాకే ఫోన్ చేస్తున్నారు. "ఏరా, ఆఫీసు పనిలోనే ఉన్నావా?" అంటారు.