కొబ్బరి సీమలో కిడ్నీ పాఠం

ఉద్యానవనమనే మాటే ఉద్దానంగా మారిందంటారు. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... ఎటు చూసినా కొబ్బరి, జీడి తోటలే. ఆ పచ్చదనం మధ్యే ఎన్నో ఇళ్లలో కిడ్నీ రిపోర్టుల ఫైళ్లు!

షుగరూ బీపీ లేనివాళ్లకీ ఇక్కడ ఈ జబ్బు వస్తోంది. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు. అసలు కారణం మాత్రం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో మంచినీటి పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అయినా 'కారణమే తెలీనప్పుడు మన చేతిలో ఏముంది?' అన్న నిస్పృహ పోలేదు.

చేతిలో ఉన్నది చాలానే.

"నొప్పేటీ లేదు కదమ్మా, నాకెందుకీ పరీక్ష?" అంటాడు పెద్దాయన. "నొప్పి లేనప్పుడే చూసుకోవాలి బాబాయ్" అంటుంది ఆశా కార్యకర్త. నిజమే. కిడ్నీ చప్పుడు చెయ్యదు. దాదాపు సగం పనితనం పోయేదాకా క్రియాటినిన్ మామూలుగానే కనిపించొచ్చు. ఒక్కసారి పరీక్ష చేయించుకుని ఊరుకుంటే చాలదు.

తోటపనితో నడుము పట్టేస్తే మందుల షాపులో ఓ నొప్పి మాత్ర కొని వేసుకోవడం అలవాటు. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి కిడ్నీకి రక్తప్రసారాన్ని తగ్గిస్తాయి. ఎండకు ఒంట్లో నీరు తగ్గినప్పుడు ముప్పు మరీ ఎక్కువ.

ఇక ఉప్పు. రోజుకి 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీస్పూను మించకూడదు. ఆవకాయ, ఎండుచేపల్లోదీ ఆ లెక్కలోకే వస్తుంది.

అన్నిటికన్నా కష్టమైన మాట కొబ్బరినీళ్లది. ఆరోగ్యవంతులకు మేలు చేసే ఆ నీళ్లలో పొటాషియం ఎక్కువ. జబ్బు ముదిరినవారి కిడ్నీ దాన్ని బయటకు పంపలేదు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. చెట్టు పెరట్లోనే ఉన్నా కాయ కొట్టుకోకూడదంటే ఎవరికైనా మనసొప్పుతుందా? అందుకే ఎందుకో విడమరిచి చెప్పాలి. కూరగాయలు తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం కొంత తగ్గుతుందని వండే మనిషికీ చెప్పాలి.

అయితే ఒకరి పథ్యం ఇంకొకరికి పనికిరాదు. జబ్బు తొలిదశలో ఎండలో పనిచేసే మనిషి దాహం తీరా తాగాలి. డయాలసిస్‌లో ఉన్న మనిషి కొలిచి తాగాలి. అందుకే రిపోర్టు చేతికి రాగానే డాక్టరుని అడగాల్సిన ప్రశ్నలు రెండు: నాది ఏ దశ? ఈ దశలో నేనేం తినాలి, ఎన్ని నీళ్లు తాగాలి?