బూటు కింద ములుకు

మా మేనల్లుడు డిసెంబరులో కేదార్‌కంఠ మంచుకొండ ఎక్కడానికి వెళ్తున్నాడు. మొన్న రాత్రి ఫోన్ చేసి, "మామయ్యా, బూట్లు కొనేశాను. వాటి కింద తొడుక్కునే స్పైక్స్ మాత్రం తేలడం లేదు. వందల్లోనూ ఉన్నాయి, వేలల్లోనూ ఉన్నాయి. చవకవి తీసుకుంటే పనికొస్తాయా?" అని అడిగాడు. పనికొస్తాయన్నాను. కానీ ఏది చూసి తీసుకోవాలో ఫోన్లో చెప్పేసరికి అరగంట పట్టింది. ప్రతి చలికాలం మన హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి ఎంతోమంది పిల్లలు ఆ కొండకి వెళ్తున్నారు. వాళ్లకీ అక్కరకొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

డెహ్రాడూన్ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు కొండదారిలో వెళ్తే సాంక్రీ అనే ఊరొస్తుంది. నడక అక్కడ మొదలవుతుంది. శిఖరం ఎత్తు సుమారు 12,500 అడుగులు. కొత్తగా కురిసిన మంచు జారదు, కాలు దిగబడుతుంది, అంతే. జారేది తొక్కుడుపడిన మంచు. పగలంతా వందల బూట్లు దాన్ని అణగదొక్కుతాయి. మధ్యాహ్నం ఎండకి పైపొర కరుగుతుంది, రాత్రికి అదే గడ్డకట్టి గాజుపలకలా తయారవుతుంది. శిఖరం మీద సూర్యోదయం చూడాలని జనం తెల్లవారుజామున రెండు మూడు గంటలకే బయలుదేరతారు. అంటే దారి బాగా గట్టిపడి ఉన్న వేళకే, చీకట్లో, తలకి లైటు కట్టుకుని ఎక్కాలి. బూటు అడుగున గాళ్లు ఎంత లోతుగా ఉన్నా రబ్బరుకి ఆ గాజు మీద పట్టు దొరకదు.

జారేచోట పట్టు దొరికే మర్మం మన రైతులకి తెలుసు. వానాకాలంలో పొలంగట్టు మీద మా తాతయ్య చెప్పులు చేత్తో పట్టుకుని, బొటనవేలు బురదలో గుచ్చి నడిచేవాడు. బండి కట్టే ఎద్దుల కాళ్లకి నాడాలు కొట్టించేవాడు. మంచు మీద మన వేలు దిగదు కాబట్టి ఇనుప ములుకు దిగాలి. స్పైక్స్ చేసే పని అదే.

వీటిలో రకాలున్నాయి. రబ్బరు వలకి స్ప్రింగు తీగ చుట్టినవి, చిన్న చిన్న మేకు తలలు అమర్చినవి చాలా చవక. మంచు పడే ఊళ్లలో ఇంటి ముందు దారికి, పార్కింగ్ స్థలానికి అవి చాలు, కొండకి చాలవు. రెండో కొసన అసలైన క్రాంపాన్లు. ఒక్కో పన్ను అంగుళం దాకా పొడవుంటుంది, వంగని గట్టి బూటు కావాలి, నడక నేర్చుకోవాలి. మామూలు ట్రెక్కింగ్ బూటుకి సరిపోయేవి మధ్యరకం: పైన సాగే రబ్బరు పట్టీ, కింద గొలుసులు, గొలుసులకి ములుకులు. మైక్రోస్పైక్స్ అన్నది నిజానికి అమెరికాలో అరిజోనాకి చెందిన కహ్‌టూలా కంపెనీ తన సరుకుకి పెట్టుకున్న పేరు, ఇప్పుడు అందరూ ఈ రకానికంతటికీ అదే పేరు వాడుతున్నారు. సాంక్రీలో అద్దెకిచ్చేవాళ్లు చాలామంది వీటినే క్రాంపాన్లంటారు. పేరు విని కంగారుపడక్కర్లేదు, వస్తువు చూసుకుంటే చాలు.

చవక జత కొనేవాళ్లు ములుకుల లెక్క చూసి మోసపోతారు. పెట్టె మీద 19 అనీ 24 అనీ పెద్ద అక్షరాలతో ఉంటుంది. కహ్‌టూలా వాళ్ల మైక్రోస్పైక్స్‌కి కాలికి 12 మాత్రమే, ఒక్కోటి సెంటీమీటరు పొడవు. పట్టు లెక్కలో లేదు, ములుకు దిగే లోతులో ఉంది. మునివేళ్ల కిందా మడమ కిందా రెండుచోట్లా ఉన్నాయో లేదో చూడండి.

అంతకంటే ముఖ్యం గొలుసు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు పేరులేని జత ఒకటి కొన్నాను. దిగేటప్పుడు కుడికాలు ఉన్నట్టుండి తేలికైంది. వంగి చూస్తే ఒక లంకె నోరు తెరుచుకుని ఉంది, దాన్ని పట్టుకున్న ములుకుల వరస పక్కకి వేలాడుతోంది. ఆ లంకెకి అతుకే వెయ్యలేదు, తీగని గుండ్రంగా వంచి వదిలేశారు. మా గైడు తన సంచిలోంచి బూటు లేసు తీసి కట్టి, "ఆరామ్ సే" అంటూ చెయ్యి పట్టుకుని దింపాడు. అప్పటి నుంచి ఏ జత చేతికొచ్చినా ప్రతి లంకెనీ వేలితో తడుముతాను. గోరు పట్టే సందు ఉంటే ఆ జత వద్దు.

తర్వాత రబ్బరు. నాసిరకం రబ్బరు చలికి బిగుసుకుపోయి చిట్లుతుంది. ఇంట్లోనే తెలుసుకోవచ్చు: రాత్రంతా ఫ్రిజ్‌లో ఐసు కట్టే అరలో ఉంచి, పొద్దున తియ్యగానే సాగదీయండి. మెత్తగా సాగితే మంచిది, తెల్లగీతలు పడితే తిరిగి పంపెయ్యండి. కొలత పాదానికి కాదు, బూటుకి చూసుకోవాలి. ట్రెక్కింగ్ బూటు మామూలు బూటు కన్నా లావు. చేతికి తొడుగులు వేసుకుని ముందు బొటనవేలి వైపు ఎక్కించి, మడమ వైపు లాగి తొడగడం ఇంట్లోనే నాలుగుసార్లు అలవాటు చేసుకోండి. చీకట్లో, వణుకుతున్న వేళ్లతో కొత్తగా నేర్చుకోలేరు.

జీవితంలో ఒక్కసారి వెళ్లేవాళ్లకి నా మాట: కొనొద్దు, సాంక్రీలో అద్దెకి తీసుకోండి. కాకపోతే ముందురోజు వెలుతురుండగానే లంకెలూ రబ్బరూ చూసుకోవాలి. మొనలు అరిగి గుండ్రంగా ఉంటే మార్చమని అడగండి, మొహమాటపడకండి. మంచు లేని రాళ్ల మీద విప్పెయ్యండి, మొనలు అక్కడే పాడవుతాయి. తడిమంచు గొలుసుల్లో ముద్దకట్టి బూటు ఎత్తైపోతుంది, కర్రతో తట్టి రాల్చుకోవాలి. ఎంత మంచి స్పైక్స్ అయినా నిటారు వాలు మీది గడ్డమంచుకి పనికిరావు. గైడు ఆగమంటే ఆగాల్సిందే.

మావాడు నిన్న ఒక మధ్యరకం జత తెప్పించుకున్నాడు. లంకెలన్నీ మూసే ఉన్నాయట. ఈ రాత్రికి దాన్ని ఫ్రిజ్‌లో పెడతానన్నాడు. ప్రయాణానికి ఇంకా మూడు వారాలుంది, రబ్బరు చిట్లినా మార్చుకోవడానికి ఆ వ్యవధి చాలు.