మా చేలో దిగగల విమానం

గిద్దలూరు నుంచి గుంటూరు పోయే రైలు మార్కాపురం రోడ్డు దాటాక దొనకొండలో ఆగుతుంది. అక్కడ రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే ఉందని చిన్నప్పుడు మా నాయన చెప్పాడు.

“అంత పొడుగు దారి ఎందుకు నాయనా? మన చేలో దిగగూడదా?” అన్నాను.

“విమానమంటే కొంగనుకున్నావుట్రా?” అని నవ్వాడు.

డిగ్రీలో చేరాక తెలిసింది, కొంగలా దిగే విమానం నిజంగానే ఉందని. పేరు జెనిత్ సి.హెచ్. 701. క్రిస్ హైంజ్ అనే ఇంజనీరు 1986లో తెచ్చాడు. ధ్వనిని మించి పోయే కాంకార్డు మీద పనిచేసిన మనిషే, తర్వాత ఇంత నిదానంగా ఎగిరేదాన్ని రూపొందించడం విశేషం గదా! అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం నుంచి కంపెనీవాళ్లు భాగాలను కిట్టుగా పంపుతారు. కొన్నవాళ్లు అల్యూమినియం రేకులను రివెట్లతో బిగించి ఇంటి దగ్గరే కట్టుకుంటారు. సరైన దారుల్లేని కొండసీమల్లో, గడ్డి నేలల మీద దించుతారు.

కిటుకంతా రెక్కలో ఉంది. వేగం సగమైతే రెక్క మోసే బలం నాలుగోవంతుకు పడిపోతుందని మనం చదివిందే. ఆ లోటు తీరాలంటే ముక్కు పైకెత్తాలి. మరీ ఎత్తితే రెక్కమీది గాలి చెదిరి, మోసే బలమే ఊడిపోతుంది. అందుకని రెక్క ముందంచున, చిన్న సందు విడిచి, ఒక సన్నని పట్టీ బిగించారు. ఆ సందులోంచి దూసుకొచ్చే గాలి రెక్కను అంటుకునే పారుతుంది. వేగం గంటకు 50 కిలోమీటర్లకు తగ్గినా విమానం గాలిలో నిలుస్తుంది. మన బస్సులే అంతకంటె జోరుగా పోతాయి! గట్టి నేలయితే సుమారు 30 మీటర్ల పరుగుతో పైకి లేస్తుంది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో, కంది కోసిన మా చేను పొడుగు కొలిచాను. 210 అంగలు వచ్చింది. గట్టున కూర్చున్న నాయన మొహం మాడిపోయింది.

“బేరానికి ఎవరన్నా వచ్చార్రా? బోరు ఎండిందని అమ్మేద్దామనా ఏంది?”

నా ఫీజుకు అప్పు తెచ్చిన మనిషి. ఆ మాటకు నా గొంతు పట్టేసింది. విమానం సంగతంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, చేను చివరిదాకా చూసి, “ఆ వేపచెట్లు దాటొద్దా? గాలి ఏ దిక్కునుంచి తోలుతుందో చూసుకున్నావా?” అన్నాడు.

నా లెక్కలో చెట్లూ లేవు, గాలీ లేదు. ఏటేటా ధాన్యం తూర్పారబట్టే మనిషికి గాలి సంగతి నేను చెప్పాలా?

కిట్టు కొనే డబ్బు మాకు లేదు. ఉన్నా, సర్కారు అనుమతి లేనిదే ఎగరకూడదు. అయినా చెట్లనూ గాలినీ కలుపుకొని లెక్క మళ్లీ వేస్తున్నాను. చేను నిలిస్తేనే గదా, రన్‌వే!