అందరి కొట్టం

ఆస్ట్రేలియాలో చాలా ఇళ్ల పెరట్లో ఒక రేకుల కొట్టం కనిపిస్తుంది. దానిని వాళ్లు షెడ్డు అంటారు. మన పెరటి కొట్టంలో పశువులో, పిడకలో, వంటచెరకో ఉంటాయి. ఆ షెడ్డులో రంపాలు, సుత్తులు, మేకుల డబ్బాలు, సగంలో ఆగిన కుర్చీలు ఉంటాయి. సెలవునాడు ఇంటి యజమాని అందులో దూరాడంటే భోజనానికి పిలిచేదాకా బయటికి రాడు. చేసిన వస్తువు పనికివచ్చినా రాకపోయినా, చేస్తున్నంతసేపూ అతనికి హాయిగా ఉంటుంది.

ఉద్యోగ విరమణ తరువాత ఈ హాయి చాలామందికి దూరమవుతుంది. పెద్ద ఇల్లు అమ్మి చిన్న ఇంటికి మారితే అక్కడ షెడ్డుకు చోటుండదు. ఏళ్ల తరబడి కూడబెట్టిన పనిముట్లు ఎవరికో ఇచ్చివేయాలి. పొద్దున లేస్తే వెళ్లవలసిన చోటు లేదు, కలిసి పనిచేసినవాళ్లు పక్కన లేరు. భార్యను పోగొట్టుకున్నవాని సంగతి చెప్పనక్కరలేదు. ఆడవాళ్లు ఇరుగుపొరుగుతో కష్టసుఖాలు చెప్పుకుంటారు. మగవాడు చాలావరకు నోరు మెదపడు. బాగున్నావా అంటే బాగున్నానంటాడు, అంతే.

1993లో దక్షిణ ఆస్ట్రేలియాలోని గూల్వా అనే ఊళ్లో ఇటువంటివారి కోసం ఒక ఉమ్మడి షెడ్డు వెలిసింది. మర్రే నది సముద్రంలో కలిసేచోటికి దగ్గరగా ఉన్న పాత రేవు అది. ఆ పనికి పూనుకున్నది మాక్సీన్ చేజ్లింగ్ అనే మహిళ కావడం విశేషం. 1998 జూలైలో విక్టోరియా రాష్ట్రంలోని టోంగాలా అనే పాడిపంటల ఊళ్లో మరొకటి తెరిచారు. ‘మెన్స్ షెడ్’ అనే పేరు మొదట పెట్టుకున్నది ఆ ఊరే. 2007లో ఈ షెడ్లన్నిటికీ ఒక జాతీయ సంఘం ఏర్పడింది. ఇప్పుడు ఆ దేశంలో వెయ్యికి పైగా షెడ్లున్నాయి. ఐర్లండులో 2011లో, బ్రిటనులో 2013లో ఇటువంటి సంఘాలే పుట్టాయి.

లాభాపేక్ష లేదు కదా అని షెడ్డు దానంతట అదే నడవదు. చోటుకు అద్దె, కరెంటు బిల్లు, బీమా, రంపపు బిళ్లల ఖర్చు నెలనెలా వచ్చిపడతాయి. చందా పెంచితే పింఛనుతో బతికే మనిషి రావడం మానుకుంటాడు. ఎవరికోసం తెరిచారో అతడే రానప్పుడు షెడ్డు ఎందుకు? అందుకని చందా తక్కువగానే ఉంచి, మిగిలింది వేరే దారుల్లో రాబడతారు. ఇళ్లలో మూలపడిన పనిముట్లు అడిగి తెచ్చుకుంటారు. పారవేసిన చెక్కపెట్టెల పలకలు విప్పి చిత్రిక పడతారు. చెక్క బొమ్మలు, పక్షుల గూళ్లు, తోట బెంచీలు చేసి అమ్ముతారు. హార్డువేరు దుకాణాల ముందు పొయ్యి పెట్టి తినుబండారాలు అమ్మి డబ్బు కూర్చే షెడ్లు కూడా ఉన్నాయి. అమ్మకంలో ఒక మెలిక ఉంది. ధర మరీ తగ్గిస్తే ఊళ్లోని వడ్రంగి పొట్టకొట్టినట్టవుతుంది. అతడు బతకడానికి చేస్తాడు, వీళ్లు సరదాకు చేస్తారు. ఈ తేడా మరిచిన షెడ్డుకు ఊరి మంచితనం దక్కదు.

యంత్రాల దగ్గర మొహమాటం పనికిరాదు. నలభై ఏళ్లు లెక్కలు రాసిన గుమాస్తా ఇక్కడ మొదటిసారి కరెంటు రంపం ముందు నిలబడవచ్చు. ఎలా వాడాలో ఒకరు దగ్గరుండి చూపిస్తారు. చేయి కుదిరిందని తేలేదాకా ఒంటరిగా ముట్టుకోనివ్వరు. కళ్లకు అద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. పాత వడ్రంగికి కూడా ఈ కట్టుబాటు వర్తిస్తుంది. అతనికే కొంచెం కోపం వస్తుంది.

ఆడవాళ్లను రానివ్వాలా వద్దా అన్నది తెగని తగువు. కొన్ని షెడ్లు అందరికీ తలుపులు తెరిచాయి, కొన్ని వారంలో ఒక రోజు వారికి కేటాయించాయి, కొన్ని ఒప్పుకోలేదు. ఉలి పట్టాలనే కోరిక మగవాళ్లకే పుడుతుందనుకోవడం సరికాదు. అయినా తమలో తాము ఉన్నప్పుడే నోరు విప్పే ముసలివాళ్లు ఉన్నమాట కూడా నిజమే.

2010లో వెలువడిన ఆస్ట్రేలియా పురుషారోగ్య విధానం ఈ షెడ్లకు సాయం ప్రకటించింది. షెడ్ల సంఘం ‘స్పానర్ ఇన్ ది వర్క్స్’ అనే పేరుతో ఆరోగ్య పరీక్షలు నడుపుతుంది. మోటారుబండిని వేళకు మరమ్మతుకు తీసుకుపోయే మనిషి ఒంటి సంగతి పట్టించుకోడన్న చమత్కారం ఆ పేరులో ఉంది. రక్తపోటు చూపించుకో అని ఇంట్లోవాళ్లు చెబితే విననివాడు, పక్క బెంచీమీద పనిచేసేవాడు చెబితే వింటాడు.

ఎదురెదురుగా కూర్చోబెట్టి నీ బాధ చెప్పు అంటే ఏ ముసలాయన చెబుతాడు? పలకకు ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు పట్టుకున్నప్పుడు, చూపు పలక మీదే ఉన్నప్పుడు మాట వస్తుంది. అందుకే షెడ్డులో కేటిల్, కప్పులు కూడా పనిముట్లతో సమానం. కొందరు కొత్తగా వచ్చినవాళ్లు వారాల తరబడి టీ తాగి వెళ్లిపోతారు. వాళ్లను ఏం చేస్తావని ఎవరూ అడగరు. ఒకనాడు ఎవరో, ఈ గుర్రపుబొమ్మ కాలు కొంచెం పట్టుకో, జిగురు ఆరేదాకా అంటారు. ఆ మనిషి కప్పు పక్కన పెట్టి పట్టుకుంటాడు.