వూరున్న భాష, వూరులేని భాష

స్పెయిన్ దేశపు వాయవ్య మూలన గెలీషియా అనే ప్రాంతం వున్నది. అక్కడి రైతులూ బెస్తవాళ్లూ తరతరాలుగా మాట్లాడుకున్న భాష గెలీషియన్. దానికి వూరున్నది; చాలాకాలం అధికారం మాత్రం లేకపోయింది. ఎస్పరాంటో కథ వేరు. 1887లో జామెన్‌హోఫ్ అనే కంటి వైద్యుడు వార్సాలో అచ్చువేసిన చిన్న పుస్తకంతో అది పుట్టింది. వ్యాకరణానికి 16 సూత్రాలు. వూరు లేదు, రాజు లేడు, సైన్యం లేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టినవారు మొదటిది సహజమనీ రెండోది కృత్రిమమనీ తేల్చి వూరుకుంటారు. శ్రీకాకుళం ప్రాంతంలో తెలుగు పాఠం చెప్పుకుని బతుకుతున్న నాకు ఆ తీర్పు రుచించదు. ఇదే ప్రశ్నతో గిడుగు రామమూర్తిగారు ఈ నేలమీదనే జీవితమంతా పెనుగులాడారు గనుక.

గెలీషియన్‌కు మళ్లీ సాహిత్య గౌరవం తెచ్చిన రొసాలియా దె కాస్త్రో కవితల పుస్తకం వెలువడింది 1863లో. గిడుగువారు శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిందీ 1863లోనే. అక్కడ ఆ పుస్తకం పేరున మే 17న, ఇక్కడ ఈయన పేరున ఆగస్టు 29న భాషా దినోత్సవాలు జరుగుతున్నాయి. కాకతాళీయమే, కాని మరచిపోదామన్నా మరపు రావడం లేదు.

గ్రాంథికవాదులతో గిడుగువారి తగాదా ఏమిటి? ఏ తల్లీ బిడ్డతో మాట్లాడని భాషను బడిలో పిల్లల నెత్తిన రుద్దవద్దన్నారు. ఆ లెక్కన మన గ్రాంథికమూ తయారుచేసిన భాషే. అయితే ఎస్పరాంటో సూత్రాలు కొత్తవాణ్ణి లోపలికి పిలవడానికి పుట్టాయి. మన సూత్రాలు, ముఖ్యంగా 1858 నాటి బాలవ్యాకరణం పండితుల చేతికి చిక్కిన తర్వాత, వచ్చినవాణ్ణి గుమ్మంలోనే ఆపడానికి పనికివచ్చాయి. తయారుచేయడం నేరం కాదు. తలుపు ఎటు తెరుచుకుంటుందో చూడాలి.

ఆగస్టు 29న మన కాలేజీల్లో దండలు వేసి చెప్పే ఉపన్యాసాల్లో గిడుగువారి మరో సగం వినిపించదు. ఆయన పర్లాకిమిడిలో అయ్యవారుగా వుంటూ సవర భాష నేర్చారు. సవరలకు బడులు పెట్టారు. 1931లో సవర వ్యాకరణాన్నీ 1938లో నిఘంటువునూ ఇంగ్లీషులో వెలువరించారు. సవర తెలుగుకు చుట్టం కాదు. ముండా కుటుంబపు భాష. దాని క్రియ కర్మను తనలోనే ఇముడ్చుకోగలదు. మనకు రెండు మాటలు కావలసిన చోట అక్కడ ఒక్కటి సరిపోతుంది. లిపి లేని భాష భాషేమిటని నాతో వాదించిన తెలుగు ఎమ్మేలు వున్నారు. వారికి ఆ వ్యాకరణం తెరిచి చూపించడంకంటే వేరే జవాబు నాకు తోచదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయింది. ఆ నిర్ణయం నచ్చని గిడుగువారు వూరు విడిచి రాజమండ్రి చేరారు. సవర కొండలు మాత్రం ఎక్కడికి పోతాయి? సరిహద్దు వాటి నడుమనుంచి పోయింది. ఆ యేడే జూన్‌లో మంగేయి గొమాంగో సవరకు సొంత లిపిని కల్పించాడు. అక్షరాలను సవర దేవతల పేర్లతో ముడిపెట్టాడు. అది సొరంగ్ సొంపెంగ్. ఇవాళ ఒకే భాష అటు ఒడియా లిపిలోనూ ఇటు తెలుగు లిపిలోనూ, క్రైస్తవుల పుస్తకాల్లో రోమన్‌లోనూ, మంగేయి అనుయాయుల దగ్గర సొరంగ్ సొంపెంగ్‌లోనూ కనిపిస్తుంది. 2011 జనాభా లెక్కల్లో నాలుగు లక్షల పైచిలుకు మంది మాట్లాడే భాషకు నాలుగు లిపులు!

గెలీషియన్లకూ ఇదే రభస. వారి వర్ణక్రమం పోర్చుగీసులా వుండాలని కొందరు, కాదు, స్పానిష్‌కు దగ్గరగా వున్న అధికార పద్ధతే మేలని కొందరు. స్వయంగా గెలీషియాలో పుట్టిన ఫ్రాంకో తన నియంతృత్వంలో ఆ భాషను బడికీ కచేరీకీ దూరంగా వుంచాడు. 1981లో దానికి అధికార హోదా వచ్చింది. బోర్డులు మారాయి, టెలివిజన్ వచ్చింది. అయినా పట్టణాల్లోని పిల్లల నోట ఆ భాష తగ్గుతూనే వున్నది. హోదా అవసరమే. హోదా వస్తే చాలుననుకునే మన తెలుగు సభలవారు ఒకసారి అటు చూడాలి.

ఎస్పరాంటోను ప్రేమించినవారిలో కార్మికులు చాలామంది వున్నారు. 1921లోనే వారు తమ అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నారు. హిట్లర్ మనుషులు జామెన్‌హోఫ్ ముగ్గురు బిడ్డలనూ చంపారు. సోవియట్ యూనియన్‌లో కూడా 1937-38 ప్రాంతంలో ఎస్పరాంటోవాదులను జైళ్లకు పంపారు, కొందరిని కాల్చారు. ఇది మన పత్రికల్లో మనమే రాసుకోవలసిన సంగతి. సైన్యంలేని భాషకు అంతగా భయపడ్డారంటే, సరిహద్దు దాటి పోయే ఉత్తరమే వారిని భయపెట్టిందని నా అనుమానం. అయితే ఎస్పరాంటో మాటలు దాదాపు అన్నీ యూరపు ధాతువులనుంచే వచ్చాయి. సీతంపేట కొండమీది మనిషికి అది ఇంగ్లీషుకన్నా ఎంత దగ్గర? వ్యాకరణంలో దగ్గరే, మాటల్లో దూరమే.

ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి కొన్ని బడుల్లో సవర వాచకాలు తెలుగు లిపిలో వచ్చాయి. ఆ తరానికి చెందిన ఒకమ్మాయి మా కాలేజీలో చేరింది. అవ్వ చెప్పిన కథను సవరలో రాసుకురమ్మన్నాను. తెచ్చింది. మధ్య మధ్య మాటల్లో ఖాళీలు. గొంతును టక్కున బిగించి వదిలే ధ్వని ఒకటి సవరలో వున్నది. మన అక్షరమాలలో దానికి చోటు లేదు. ‘దీనికి ఏ అక్షరం రాయాలి మాస్టారూ?’ అని అడిగింది. గిడుగువారు రోమన్‌లో దానికి గుర్తు పెట్టుకున్నారని చెప్పి, వ్యాకరణం తెచ్చి ఇచ్చాను. పదిరోజుల తర్వాత వచ్చిన రెండో కథలో ఖాళీలు లేవు. ఆ ధ్వని వున్నచోటల్లా అక్షరం పక్కన చిన్న నిలువు గీత వున్నది. పుస్తకంలో చూసి పెట్టావా అని అడిగాను.

‘లేదు మాస్టారూ. నేనూ మా తమ్ముడూ కూర్చుని అనుకున్నాం. అవ్వకు చదివి వినిపించాం, సరిగానే పలుకుతున్నామన్నది.’